కార్బురేటర్‌కి ఏ జబ్బూ లేదు

మే నెల రెండో శనివారం పాస్క్‌విల్ దగ్గర ఒక గోధుమ రైతు సామానంతా వేలానికి వచ్చింది. పొలం అమ్మేసి పట్నం వెళ్లిపోతున్న ఆ కుటుంబం షెడ్డులో ఉన్నదంతా బయటికి మోసుకొచ్చి, కోత అయిపోయిన చేలో వరసలుగా పరిచింది. మొదటి వరసలో స్పానర్లు, సుత్తులు. ఆరో వరసలో నీళ్ల పంపులు, గొట్టాలు. పదకొండో వరస చివర, ఎవరూ పట్టించుకోనట్టు, ఒక చిన్న కారు.

కోరీ లిండ్నర్ ఆ కారుని పొద్దున్నే చూశాడు. చూసీ చూడనట్టు దాని పక్కనుంచి నడిచి వెళ్లి, ఒక తుప్పు పట్టిన నాగలి ముందు పది నిమిషాలు నిలబడ్డాడు. కడినా ఊళ్లో అతనిది పాత సామాను కొట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ల వయసులో పన్నెండేళ్లు ఆ కొట్టుకే పోయాయి. ఆ పన్నెండేళ్లలో అతను నేర్చుకున్న సూత్రం ఒక్కటే. సరుకు కావాలన్న సంగతి ముఖం మీద కనపడిందా, ధర పెరిగినట్టే.

కనపడకుండా దాచుకోవడం ఆరోజు కొంచెం కష్టమైంది. అది జీటా. అరవై ఏళ్ల కిందట ఇక్కడే, అడిలైడ్‌లో, బట్టలుతికే మెషీన్లు చేసేవాళ్లు చేసిన కారు. మొత్తం నాలుగు వందలు కూడా చెయ్యలేదు. ఒళ్లంతా ఫైబర్ గ్లాసు. బుగ్గలు ఉబ్బించుకుని అలిగిన పిల్లాడి ముఖం. పైన ఏళ్ల తరబడి దుమ్ము ఉన్నా, దాని కింద ఆకారం చెక్కుచెదరలేదు. బానెట్‌ని మాత్రం తీగతో గట్టిగా కట్టేశారు.

వేలంలో అతనితో పోటీపడింది ఒక్కరే. అవతలి వరసలో నిలబడ్డ ఒక అమ్మాయి. నీలం ఓవరాల్, జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిల్. పద్దెనిమిది వందల దాకా వచ్చి, జేబులో చెయ్యి పెట్టి ఏదో లెక్కచూసుకుని, తల అడ్డంగా ఊపింది. పంతొమ్మిది వందల డాలర్లకి కారు కోరీది అయింది.

డబ్బు కట్టేసి వచ్చి, తీగ కత్తిరించి, బానెట్ ఎత్తాడు. ఇంజన్ ఉండాల్సిన చోట గడ్డి ఉంది. గడ్డిలో మూడు కోడిగుడ్డు పెంకులు ఉన్నాయి.

"ఇంజన్ కోసమా?" అంది వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే ఆ అమ్మాయే. ముందు ఒక తోపుడు బండి. బండిలో ఒక చిన్న ఇంజన్, దానికి వేలాడుతూ నీళ్ల గొట్టం.

"ముప్ఫై ఏళ్ల కిందట ఆ రైతు దీన్ని పీకి బావి పంపుకి తగిలించాడు. ఇంట్లోవాళ్లు పంపే అనుకుని ఆరో వరసలో పెట్టారు," అంది. "నలభై డాలర్లకి వచ్చింది. గొట్టంతో సహా."

కోరీ ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. "పాతదే. వంద ఇస్తాను."

"వద్దండి."

"రెండు వందలు."

"మీరు పంతొమ్మిది వందలు పోసి కోళ్లగూడు కొన్నారు. మీలాంటి మనిషి రెండు వందలే అంటే నాకు అనుమానం రాదూ?"

"నాకు ఈ కారు కావాలని మీకెలా తెలుసు? కొట్టు ముందు పువ్వుల కుండీ చేద్దామని కొన్నాను."

"నాగలి ముందు పది నిమిషాలు నిలబడ్డారు. నాగలిని అంతసేపు చూసేవాళ్లు లేరండీ ఈ జిల్లాలో. దానితో దున్నినవాడు కూడా చూడడు." బండి తోసుకుంటూ వెళ్తూ వెనక్కి చూసింది. "నా పేరు మెరిన్ ట్రెగెంజా. వాలరూలో సముద్రం ఒడ్డున, జెట్టీ దగ్గర పడవ మోటార్లు బాగుచేస్తాను. ఆలోచించుకుని రండి."

పన్నెండేళ్ల వ్యాపారంలో అతని ముఖం చదివిన మొదటి మనిషి ఆమె. అది నష్టమా లాభమా అని దారంతా ఆలోచించాడు గాని, ఏ ఖాతాలో వెయ్యాలో తేలలేదు.

*

ఇంజన్ మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది. కారు మీద రేకులో అదే నంబరు ఉంటుంది. రెండూ కలిస్తే అది జీటా. కలవకపోతే ఒక ఫైబర్ తొట్టి, ఒక పాత పంపు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా కోరీ మూడు రోజులు ఆగాడు. తొందర చూపించకూడదు కదా.

నాలుగో రోజు వాలరూ వెళ్తే, ఆమె ఇంజన్‌ని బల్ల మీద విప్పి పెట్టింది. ఒక్కో ముక్కా తుడిచి, తెల్లటి గుడ్డ మీద, పెళ్లి నగలు పరిచినట్టు పరిచింది.

"వారం ఆగుతారనుకున్నాను," అంది తల ఎత్తకుండానే. "మీరు కనిపించినంత గట్టివాళ్లేం కాదు."

"ఇంజన్ ఎంతకి ఇస్తారు?"

"ఇవ్వను. కారు ఎంతకి ఇస్తారు?"

"ఇవ్వను."

"అయితే కూర్చోండి, టీ తాగుదాం. ఇంకేం చేస్తాం?"

టీ అయ్యేసరికి ఒప్పందం అయింది. ఇంజన్, గేర్లు ఆమె పని. ఛాసిస్, ఒళ్లు, అద్దాలు, సీట్లు అతని పని. ఎవరి ఖర్చు వాళ్లది. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరునా. ఒక్క వేసవి నడిపి, తర్వాత మంచి ధరకి అమ్మి చెరి సగం. అమ్మే మాట పెట్టింది కోరీయే. ఆమె క్షణం ఆగి, సరే అంది. ఆ క్షణాన్ని అతను గమనించాడు గాని, దాని విలువ కట్టడం అప్పటికి అతనికి చేతకాలేదు.

చేతులు కలిపారు. అతని అరచేయి నిండా గ్రీజు అంటింది. 'మీరు' అన్న మాట ఆరోజే ఎక్కడో జారిపోయింది. మళ్లీ ఎవరూ వెతకలేదు.

ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా చలి. ఆ చలికాలమంతా పని జరిగింది. కోరీ షెడ్డు రేకుల మీద వాన పడుతుంటే లోపల ఒకరు చెప్పింది ఇంకొకరికి వినపడేది కాదు. వాన తగ్గగానే ఆమె అదే మాట మళ్లీ చెప్పేది, ఈసారి ఇంకొంచెం ఘాటుగా.

"ఇక్కడ అతుకు సరిగ్గా పడలేదు, తీసెయ్."

"పైన రంగు పడితే కనపడదు."

"నాకు కనపడుతుంది."

"నువ్వు కారు కింద పడుకుని చూస్తావా రోజూ?"

"నేను అక్కడే ఉంటాను, ఎక్కువసేపు."

తీసేశాడు. మళ్లీ వేశాడు. కొనడం, అమ్మడం తప్ప ఏ వస్తువునీ బాగుచెయ్యని మనిషి అతను. ఇప్పుడు వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఫైబర్ గుడ్డని జిగురులో ముంచి పగుళ్ల మీద పరచడం నేర్చుకున్నాడు. డాష్‌బోర్డు వెనక, ఎండ తగలని మూలలో, కారు అసలు రంగు దొరికింది. లేత బఠాణీ గింజ రంగు. ఆ అంగుళం ముక్కని పట్టుకుని మూడు ఊళ్లు తిరిగి అదే రంగు కలిపించుకొచ్చాడు.

దగ్గరికెళ్లి చూస్తే ఆ కారు తెలివి చూసి నవ్వాలో దణ్ణం పెట్టాలో తెలిసేది కాదు. పెట్రోలు మీటరు లేదు. ట్యాంకునుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం డాష్‌బోర్డు మీదికి వస్తుంది, అందులో పెట్రోలు ఎంత ఎత్తులో కనపడితే అంత ఉన్నట్టు. వెనక డిక్కీకి తలుపు లేదు. సామాను పెట్టాలంటే ముందు సీట్లు ఎత్తి బయట పెట్టాలి. అన్నిటికంటే విచిత్రం, రివర్స్ గేరు లేదు. వెనక్కి వెళ్లాలంటే ఇంజన్ ఆపేసి, దాన్నే అటు తిరిగేలా స్టార్ట్ చెయ్యాలి. అప్పుడు నాలుగు గేర్లూ వెనక్కే.

"తక్కువ ఇనుముతో ఎక్కువ పని. దీన్ని తయారుచేసినవాడు మంచి వ్యాపారి," అన్నాడు కోరీ.

"మంచి మెకానిక్," అంది మెరిన్.

ఆమె పని చేస్తుంటే చూడటం అతనికి అలవాటైంది. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేది. అప్పుడు పెదవి ఒక పక్కకి కొంచెం వంగేది. అది వంగితే తప్పు దొరికినట్టు. తప్పు దొరకాలని అతను లోలోపల కోరుకోవడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరులో ఇంజన్ కూర్చోబెట్టారు. మొదటి పరుగు చూడటానికి మెరిన్ మామ్మ, ఎల్స్‌పెత్, మాంసం కూరి కాల్చిన కజ్జికాయల్లాంటి పాస్టీల బుట్టతో వచ్చింది. గని కార్మికుల వంశం, ఎనభై దాటినా పళ్లన్నీ సొంతవే.

కోరీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇంజన్ పలికింది. నీలం పొగ షెడ్డంతా నిండింది. గర్వంగా మొదటి గేరు వేశాడు. కారు వెనక్కి కదిలింది. స్టార్టరు తీగలు తారుమారై ఇంజన్ వెనక్కి తిరుగుతోందని అతనికి ఆ క్షణంలో తట్టలేదు. మొదటి గేరు పాడైందనుకుని రెండోది వేశాడు. కారు ఇంకా వేగంగా వెనక్కి పోయి, షెడ్డు వెనక కట్టిన టార్పాలిన్ చీల్చుకుని, పెరట్లో అమ్మకానికి పెట్టిన పాత స్నానాల తొట్లలో ఆగింది.

"ముందుకెళ్లే కారు అన్నారు కదే," అంది మామ్మ.

"తీగలు నేనే వేశాను," అంది మెరిన్. నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. "కానీ రెండో గేరు వేసింది తను, మామ్మా."

"కుర్రాడు పట్టుదల గలవాడే. తప్పు దారిలో కూడా వేగం పెంచాడు." అతనికి ఒక పాస్టీ అందించింది. "తిను బాబూ. కారుకి ఏమీ కాలేదులే, తొట్టి ఒకటి పోయింది."

*

అక్టోబరులో పాత కార్ల క్లబ్బువాళ్లు పరీక్షించి, అలాంటి కార్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇప్పించారు. దానితోపాటు ఒక లాగ్ పుస్తకం. సంవత్సరానికి తొంభై రోజులే రోడ్డు ఎక్కాలి. ఎక్కే ప్రతి రోజూ తేదీ, ఎక్కడికి, ఎందుకు అని రాసి సంతకం పెట్టాలి. రాయకుండా పట్టుబడితే జరిమానా. అబద్ధం రాస్తే క్లబ్బు పరువు పోతుంది. కోరీ కాగితం దగ్గర అబద్ధం ఆడే మనిషి కాదు.

కారు కడినాలో అతని షెడ్డులో ఉండేది. వాలరూ పది కిలోమీటర్లు.

మొదటివారం నిజంగానే కార్బురేటర్ దగ్గింది. తీసుకెళ్తే మెరిన్ ఒక స్క్రూ పావు చుట్టు తిప్పింది. సరిపోయింది. ఇద్దరూ కారు సీట్లు ఎత్తి ఇసుకలో వేసుకుని, జెట్టీ వైపు చూస్తూ పాస్టీలు తిన్నారు. ఆమె చేపల గురించి, ఉప్పునీళ్లకి చచ్చిపోయే మోటార్ల గురించి చెప్పింది. అతను కొనేవాళ్ల రకాల గురించి చెప్పాడు. ఎండ వాలేదాకా ఇంకేం జరగలేదు. కానీ ఇంటికెళ్లాక కోరీకి కొట్టు ఖాళీగా అనిపించింది. ఆ కొట్టులో నలభై బీరువాలు, పదహారు కుట్టుమెషీన్లు, ఒక చర్చి ఘంట ఉన్నాయి.

వారం తర్వాత కార్బురేటర్ మళ్లీ దగ్గింది. ఈసారి స్క్రూ దానంతటదే వదులవలేదు. కోరీయే వదులు చేశాడు.

తర్వాత అదొక పద్ధతైంది. స్క్రూ పావు చుట్టు వదులు చెయ్యడం, పుస్తకంలో 'వాలరూ, కార్బురేటర్' అని రాయడం, పది కిలోమీటర్లు దగ్గుతూ వెళ్లడం. ఆమె ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ తీసేది. పెదవి ఒక పక్కకి వంగేది.

"ఈ స్క్రూకి నీ మీద ఏదో కోపం ఉంది," అనేది.

"పాత కారు కదా."

"అవును. పాత కార్లకి పాడవడం బాగా వచ్చు."

చెప్పేద్దామనుకున్న రోజులు ఉన్నాయి. కానీ పన్నెండేళ్ల అలవాటు అడ్డం పడేది. కావాలని చెప్పాక ఇక బేరంలో మిగిలేదేముంది? అవతలివాళ్లు కాదంటే సరుకూ పోతుంది, పరువూ పోతుంది. ఇప్పుడైతే కనీసం కార్బురేటర్ ఉంది.

ఫిబ్రవరిలో మెరిన్ పనిచేసే వర్క్‌షాప్ యజమాని ముసలాయన రిటైరవుతానన్నాడు. ఆమె తీసుకుంటే షెడ్డు లీజు, పనిముట్లు కలిపి తొమ్మిది వేలకి ఇస్తానన్నాడు. మార్చి ఆఖరులోపు తీసుకోకపోతే కాఫీ హోటల్ పెట్టేవాడు ఒకడు సిద్ధంగా ఉన్నాడు.

ఈ సంగతి ఆమె చెప్పింది గోడకి చెప్పినట్టు, మోటారు మూత తుడుస్తూ. సాయం అడగలేదు. చేతిలో డబ్బు పెడితే తీసుకునే మనిషి కాదని కోరీకి తెలుసు.

ఇంటికెళ్లి అతను లెక్క వేశాడు. జీటా మంచి చేతిలో పడితే పద్దెనిమిది వేలు వస్తుంది. అందులో సగం తొమ్మిది వేలు. లెక్క ఇంత నున్నగా కుదరడం అతని జీవితంలో అదే మొదటిసారి, సంతోషం వెయ్యకపోవడం కూడా అదే మొదటిసారి. బెండిగోలో చిన్న కార్లు సేకరించే మార్గో ఫెయిర్‌వెదర్ అనే ఆవిడకి ఫోన్ చేశాడు.

"వేసవి అయిపోయింది కదా, ఒప్పుకున్నట్టే అమ్మేద్దాం," అన్నాడు మెరిన్‌తో.

ఆమె చాలాసేపు స్పానర్ తుడిచింది. "నీకు అమ్మాలని ఉందా?"

"ఒప్పందం ఒప్పందమే కదా."

"అవును," అంది. "ఒప్పందమే."

*

మార్చి మూడో శనివారం పొద్దున్న మార్గో ట్రైలర్ తగిలించుకుని వాలరూలో మెరిన్ షెడ్డుకి వచ్చింది. అరవై ఏళ్లుంటాయి, మెడలో వేలాడే కళ్లద్దాలు, బూట్ల నిండా మట్టి. నమస్కారాలు రెండు ముక్కల్లో ముగించి కారు కిందికి దూరింది. పావుగంట తర్వాత బయటికొచ్చింది.

"ఈ అతుకులు ఎవరు వేశారు?"

"నేనండీ," అన్నాడు కోరీ.

"ఎన్నిసార్లు తీసి మళ్లీ వేశారు?"

"రెండేసి సార్లు."

"తెలుస్తోంది. బావున్నాయి." ఇంజన్ స్టార్ట్ చేయించి, చెవి ఒగ్గి విని, తల ఊపింది. "ఇంత శుభ్రంగా పలికే జీటాని నేను వినలేదు. పద్దెనిమిది అన్నారు, పద్దెనిమిదికి తగిన కారే. ఏదీ, లాగ్ పుస్తకం ఇలా ఇవ్వండి."

కోరీ పుస్తకం ఇచ్చాడు. ఇస్తూ, అందులో ఏం రాశాడో ఇంతకుముందు ఎవరూ చదవలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకునే లోపు మార్గో కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఎనభై మూడు రోజులు. ఐదున్నర నెలల్లో. బాగా తిప్పారే." పేజీ తిప్పింది. "వాలరూ, కార్బురేటర్. వాలరూ, కార్బురేటర్. వాలరూ, కార్బురేటర్. వాలరూ, బ్రేకు చప్పుడు. వాలరూ, కార్బురేటర్." ఇంకో పేజీ. వేలు పెట్టి లెక్కపెట్టింది. "ముప్ఫై ఒక్కసార్లు కార్బురేటర్. ఏంటిది?"

కోరీ చెయ్యి చాచినా ఆవిడ పుస్తకం ఇవ్వలేదు.

"చూడు బాబూ. నేను కారు చూసి మోసపోను, పుస్తకం చూసి అసలు మోసపోను. ఐదు నెలల్లో ముప్ఫై ఒక్కసార్లు రిపేరుకొచ్చిన కార్బురేటర్ అంటే లోపల ఎక్కడో పగులుంది. దానికి విడిభాగాలు దొరకవు, కొత్తది చేయించాలి. పద్నాలుగున్నర వేలు ఇస్తాను. అంతకంటే ఒక్క డాలర్ ఇవ్వను."

పద్నాలుగున్నరలో సగం ఏడుంపావు. తొమ్మిదికి ఇంకా ఒకటిముప్పావు తక్కువ. కోరీ తల తిప్పి చూశాడు. మెరిన్ గోడ మీద క్యాలెండరు వైపు చూస్తోంది. ముఖంలో ఏమీ లేదు. అలా ఏమీ లేకుండా పెట్టుకోవడం ఎంత కష్టమో అతనికి తెలుసు.

"కార్బురేటర్‌కి ఏ జబ్బూ లేదండీ," అన్నాడు.

"పుస్తకం అలా చెప్పట్లేదే."

"వదులు చేసింది నేనే. ప్రతిసారీ. మొదటిసారి తప్ప."

మార్గో కళ్లద్దాల మీదనుంచి చూసింది. "ఎందుకు?"

పన్నెండేళ్లుగా ధర చెప్పేముందు అవతలివాడి ముఖం చూసుకునే మనిషి, ఈసారి ఎవరి ముఖమూ చూడలేదు. నేల మీద నూనె మరక ఒకటి ఉంది, దాన్ని చూస్తూ చెప్పాడు.

"దాన్ని బిగించే మనిషి ఇక్కడ ఉంటుంది కాబట్టి."

బయట సముద్రపు కాకి ఒకటి రేకుల మీద టకటకా నడిచింది. మార్గో పుస్తకం మూయలేదు సరికదా, మెల్లగా తర్వాతి పేజీలు చూడటం మొదలుపెట్టింది.

"మిగతావి చదవనా? జనవరి ఆరు. వాలరూ, జెట్టీ దాకా వెళ్లి వెనక్కి. కారణం, షెడ్డులో వేరేవాళ్లు ఉన్నారు. జనవరి తొమ్మిది. జెట్టీ దాకా వెళ్లి వెనక్కి. కారణం, ధైర్యం చాలలేదు. పదకొండు. అదే. పన్నెండు. అదే, వాన కూడా."

"ఇక చాలండీ," అన్నాడు కోరీ.

"కారణం రాయాలి కదా మరి. నియమం." ఆవిడకి గొంతులో నవ్వు దాచుకోవడం చేతకాలేదు.

"జనవరి పన్నెండున వానలో జెట్టీ దగ్గర బఠాణీ రంగు కారు గంటన్నర ఆగి ఉంది," అంది మెరిన్. మొదటిసారి నోరు విప్పింది. "కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. టీ కూడా పెట్టాను. రెండు కప్పులు."

"నీకు తెలుసా?"

"స్క్రూ దానంతటది వదులైతే గాడిలో గీత పడదు కోరీ. నీ స్క్రూడ్రైవర్ మొన విరిగింది, ప్రతిసారీ ఒకే చోట గీస్తుంది. మూడోసారే తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తావని." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు బేరగాడివి. దొరికిపోయానని తెలిస్తే సరుకు వదిలేసి వెళ్లిపోయే రకం అనుకున్నాను. పైగా అమ్మేద్దాం అన్నది నువ్వే. అంటే నీకు కారుతోపాటు అన్నీ తీరిపోయాయి అనుకున్నాను."

"నీకు షెడ్డు దక్కాలని అలా అన్నాను. నువ్వు నా దగ్గర డబ్బు తీసుకోవు కదా."

"తీసుకోను."

"మరి ఇంకేం చెయ్యను?" అతను మార్గో వైపు తిరిగాడు. "క్షమించాలండీ. మిమ్మల్ని ఇంత దూరం రప్పించాను. నేనిచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఇదే మొదటిసారి. ఈ కారు నాకు అమ్మాలని లేదు. వేరే దారి ఏదైనా చూస్తాను."

మార్గో జవాబు చెప్పేలోపే మెరిన్ అంది, "అమ్ముదాం."

"నీకు అమ్మాలని ఉందా?"

"లేదు. ఏమాత్రం లేదు. అయినా అమ్ముదాం." ఆమె వచ్చి బానెట్ మీద చెయ్యి వేసింది. "దీనిలాంటి ఇంజన్ ఇంకొకటి ఎక్కడో బావి పంపుకి తగిలించి ఉంటుంది, నువ్వే వెతికిపెడతావు. నీళ్ల అంచున ఇలాంటి షెడ్డు మళ్లీ దొరకదు. దీన్ని మనం బాగుచేశాం. ముందుకి ఎలా పరిగెత్తాలో దానికిప్పుడు తెలుసు. అది చాలదా?" మార్గోని అడిగింది, "మీరు దీన్ని అద్దాల గదిలో పెడతారా?"

"నా దగ్గర ఇరవై ఒక్క కార్లున్నాయమ్మా. వారానికొకటి చొప్పున అన్నీ రోడ్డెక్కుతాయి. నిలబెట్టిన కారు చచ్చిన కారు." ఆవిడ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంది. "ధర పద్దెనిమిదే. జబ్బు లేదన్నారు కాబట్టి. ఇంకో మాట. దీని కార్బురేటర్ నిజంగా దగ్గితే నేను ఫోన్ చేసేది ఎవరికి?"

"నాకే," అంది మెరిన్. "షాపు పేరు ఇంకా పెట్టలేదు. నంబరు ఇదే ఉంటుంది."

సంతకాలు చేశారు. మెరిన్ ముందు చేసింది, గబగబా, మళ్లీ ఆలోచించే వీలు లేకుండా. కోరీ పెన్ను పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. లాభం వచ్చిన అమ్మకంలో అతను పెన్ను ఆపింది ఇదొక్కసారే.

కారుని ట్రైలర్ ఎక్కించి, పట్టీలు బిగించారు. ఎల్స్‌పెత్ మామ్మ షెడ్డు పక్కనున్న ఇంటినుంచి వచ్చి, దారిలో తినమని మార్గోకి నాలుగు పాస్టీలు కాగితంలో చుట్టి ఇచ్చింది. లేత బఠాణీ రంగు చుక్క కడినా రోడ్డు మలుపు తిరిగేదాకా ముగ్గురూ గుమ్మంలో నిలబడ్డారు.

"మంచి కారు," అంది మామ్మ. "పొగ వాసన వస్తే నేను ఓవెన్లో ఇంకో పాస్టీ ఎక్కువ పెట్టేదాన్ని. ఇప్పుడు ఎలా తెలుస్తుందో ఏమో." ఇద్దరినీ ఒకసారి చూసి ఇంటివైపు తిరిగింది. "ఇవాళకి ఎలాగూ పెట్టేశాను."

ఇద్దరూ షెడ్డు లోపలికి తిరిగారు. షెడ్డులో కారు నిలబడ్డ చోట నాలుగు చక్రాల గుర్తులు దుమ్ములో అలాగే ఉన్నాయి.

"కోరీ," అంది మెరిన్.

"ఊఁ."

"నువ్వు పొద్దున్న ఆ కారులోనే వచ్చావు కదా."

"అవును."

"ఇప్పుడు ఇంటికి ఎలా వెళ్తావు?"

కోరీ రోడ్డు వైపు చూశాడు. కొనే ముందు అమ్మే దారి, వెళ్లే ముందు వచ్చే దారి చూసుకోనిదే అడుగు వెయ్యని మనిషి. పొద్దున్న కడినాలో తాళం వేసి బయల్దేరినప్పుడు తిరుగు ప్రయాణం అతని లెక్కలోకే రాలేదు.

"ఆలోచించలేదు," అన్నాడు.

ఆమె పెదవి ఒక పక్కకి వంగింది. ఈసారి అక్కడితో ఆగలేదు, రెండో పక్కకి కూడా వెళ్లింది. "పది కిలోమీటర్లు. నా వ్యాను టైరు విప్పి ఉంది. నడుస్తావా?"

"నడుస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాదు," అన్నాడు కోరీ. ఓవరాల్ జేబులో ఉన్న ఆమె చెయ్యి బయటికొచ్చేదాకా ఆగి, గ్రీజుతో సహా పట్టుకున్నాడు. "ముందు అటువైపు. జెట్టీ చివరిదాకా నేనింకా వెళ్లనేలేదు."